మనోళ్ళేనా?

సార్నియాలో ఒక తెలుగువాడు చంద్రకళను అడిగిన మొదటి మాట "క్షేమంగా చేరావా?" కాదు. "తిన్నావా?" అంతకంటే కాదు. "మనోళ్ళేనా?"

ఫోనులో అడిగాడు. పేరు మహీధర్, గుంటూరు వైపు మనిషి. చంద్రకళ చేరిన కాలేజీలోనే అంతకు ముందు చదివి, ఇప్పుడు ఒక పాత ఏడు సీట్ల వ్యాను నడుపుతూ, ఊరవతల కూరగాయలు కోసి ప్యాకెట్లు కట్టే ఫ్యాక్టరీకి విద్యార్థులను చేరవేస్తున్నాడు. కెనడాలో సార్నియా పేరుకు పట్టణమే. నదికి అవతలి ఒడ్డు అమెరికా. ఇవతలి ఒడ్డున రసాయనాల ప్లాంట్లు, వాటి గొట్టాల మీద ఆరని మంటలు. ఇంత ఉండి, ఫ్యాక్టరీ మొదటి షిఫ్టుకు అందే బస్సు మాత్రం లేదు. కారు ఉన్నవాడికి పని ఉంది. కారు లేనివాడికి మహీధర్ ఉన్నాడు.

చంద్రకళది జనగామ దగ్గరి ఊరు. దిగి వారం కాలేదు. కాలేజీలో చుట్టూ పంజాబీ, గుజరాతీ, మలయాళం. తెలుగు మాట చెవిన పడితే చాలు, ప్రాణం లేచొచ్చినట్టుండేది. అలాంటి మనిషికి "మనోళ్ళేనా?" అంటే తెలుగువాళ్ళేనా అని కాక ఇంకేమని వినిపిస్తుంది?

"ఆఁ అన్నా, మనోళ్ళమే!" అంది సంతోషంగా.

"అదీ! గొంతు వినగానే అనుకున్నా. ఇంటిపేరేంటి?"

"మారేపల్లి."

"మారేపల్లోళ్ళా! మా పిన్నిగారి అత్తగారి తరఫు వాళ్ళు మారేపల్లోళ్ళే. చుట్టాలమే అయ్యుంటాం. సోమవారం పొద్దున రెడీగా ఉండు చెల్లెమ్మా."

మారేపల్లి ఒక ఊరి పేరు. ఊరి పేరును ఇంటిపేరుగా పెట్టుకోవడానికి ఏ కులమూ ఇంకో కులం అనుమతి అడగలేదు. చంద్రకళ మాదిగల బిడ్డ. మహీధర్‌ది ఏ కులమో ఇక్కడ రాయడం లేదు. రాస్తే మిగతా కులాలవాళ్ళు ఇది తమ గురించి కాదనుకుని హాయిగా చదివేసుకుంటారు.

అది రెండు వేల ఇరవై రెండు సెప్టెంబరు. కెనడా కాలేజీలు మన పిల్లలకు తలుపులు బార్లా తెరిచిన రోజులవి. తలుపులు తెరిచాయి గానీ లోపల గదులు ఎన్ని ఉన్నాయో చూసుకోలేదు. ఒక్కో ఇంట్లో హాలుకు కూడా కర్టెన్లు కట్టి అద్దెకిచ్చారు. ఎదురింటి తెల్ల పెద్దాయన కిటికీలో నిలబడి, ఈ ఇంట్లోంచి ఎన్ని జతల బూట్లు బయటికొస్తున్నాయో చూస్తుండేవాడు. సరుకుల దుకాణంలో కౌంటరు దగ్గర పిల్ల "స్టూడెంటా?" అని అడిగే తీరులోనే ఏదో ముల్లు ఉండేది. ఊరు వీళ్ళను అనుమానించేది, వీళ్ళు ఊరిని అనుమానించేవాళ్ళు. ఆ చలి ఊళ్ళో మహీధర్ వ్యాను ఒక్కటే చంద్రకళకు వెచ్చగా తోచింది.

వ్యానులో ముందు సీటు అచ్యుత్‌ది. మాటకారి. మధ్య వరసలో ఇద్దరు తెనాలి కుర్రాళ్ళు, ఎక్కగానే నిద్ర. వెనక వరసలో చంద్రకళ, ధాత్రి. ధాత్రిది విజయవాడ. చంద్రకళ ఉండే ఇంట్లోనే పై గది. డబ్బాలో పులిహోర తెచ్చి అందరికీ పంచేది. వాళ్ళిద్దరికీ మధ్య ఒక సీటు ఖాళీ. దాని మీద బ్యాగులు పడేసేవాళ్ళు.

"చంద్రకళా, మీ నాన్నగారేం చేస్తారు?" అని రెండో రోజే అడిగాడు అచ్యుత్.

"కరెంటాఫీసుల చేస్తడు."

"ఓ, ఏఈ గారా?"

"ఫీల్డు మీద ఉంటడు."

"ఏఈలకి ఫీల్డేగా మరి! మా బాబాయి ఏఈ. ఎండలో తిరిగీ తిరిగీ పాపం నల్లబడిపోయాడు."

ఆమె తండ్రి లైన్‌మన్ కొమరయ్యకు ఉద్యోగ జీవితంలో రాని ఇంజనీరు ప్రమోషన్ కెనడాలో వచ్చింది. చంద్రకళ సరిచేద్దామని నోరు తెరిచేలోగా మాట మంచు టైర్ల మీదికి మళ్ళింది. పోనీలే, ఇంకోసారి చెబుదాం అనుకుంది.

ఆ ఇంకోసారి రాలేదు. కారణం ఒక ఫోను.

అక్టోబరులో ఒక ఉదయం మహీధర్ బండి నడుపుతుంటే స్పీకరులో ఎవరో మగమనిషి. పేరు శ్రీరాములు, విజయనగరం అవతల ఊరు, అక్కడ జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి, ఇక్కడ చదువుకోవడానికి వచ్చాడు. అదే ఫ్యాక్టరీలో పని దొరికింది. "మీ బండిలో సీటేదైనా ఉంటాదేటండీ?" అని అడిగాడు. మహీధర్ ఇంటిపేరు అడిగాడు, ఊరు అడిగాడు, ఊళ్ళో ఏ వీధో అడిగాడు. తర్వాత నొచ్చుకున్న గొంతుతో, "అయ్యో, ఫుల్ అయిపోయిందండీ. ఖాళీ అయితే నేనే చేస్తాలెండి" అని పెట్టేశాడు.

చంద్రకళ పక్కనున్న బ్యాగుల వైపు చూసింది.

"అన్నా, ఈ సీటు ఖాళీనే ఉన్నది గద. బ్యాగులు కింద పెట్టుకుంటం."

"మనోడు కాదు చెల్లెమ్మా."

"తెలుగులనే మాట్లాడిండు గదన్నా?"

వ్యానంతా గొల్లుమంది. నిద్రపోయే తెనాలి కుర్రాళ్ళు కూడా లేచి నవ్వారు. అచ్యుత్ సీటులోంచి వెనక్కి తిరిగి, "తెలుగైతే సరిపోద్దా తల్లీ? ఎంత అమాయకురాలివే! ఈ పిల్లని ఎవరో ఒకరు కాపాడుకోవాలిరా బాబూ" అన్నాడు.

చంద్రకళ కూడా నవ్వింది. నవ్వుతూనే, ఆ మొదటి ఫోనులో తను దేనికి ఔనందో తెలుసుకుంది. పక్క సీటు మీది బ్యాగులు సర్దినట్టు చేసింది. బయట గడ్డి మీద మంచు.

ఆమె అబద్ధం ఆడలేదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే తర్వాత అందరూ అబద్ధమాడిందనే అన్నారు. ఒక ప్రశ్న అడిగారు, ఆమె తనకు తెలిసిన తెలుగులో జవాబు చెప్పింది. మిగతాదంతా వాళ్ళే నింపుకున్నారు. చుట్టరికం వాళ్ళదే, ప్రమోషన్ వాళ్ళదే. కానీ తెలిశాక నోరు మూసుకుంది, అది నిజం. ఎందుకు మూసుకుందంటే ఆ సీటు పోతే పని పోతుంది. చెప్పకుండా రెండు షిఫ్టులు తప్పితే, ఫ్యాక్టరీకి మనుషులను పంపే ఏజెన్సీ పేరు తీసేస్తుంది. పని పోతే వచ్చే సెమిస్టరు ఫీజు పోతుంది, ఫీజు పోతే చదువు, చదువు పోతే వీసా. చెల్లెమ్మా అన్నంతసేపే ఆమె కెనడాలో ఉంటుంది.

ఆ రోజు నుంచి ప్రతి ప్రశ్నా చంద్రకళకు ఒక వల. దుకాణంలో మాంసం అరల దగ్గర ధాత్రి నవ్వుతూ "నువ్వు ఏదైనా తింటావా, లేక చికెన్, మటనేనా?" అంటే, మామూలుగా అడిగిందా, ఎవరైనా అడగమన్నారా? ఆదివారం పొద్దున ఫోను ఎత్తకపోతే "చర్చికి వెళ్ళొచ్చావేంటి?" అని అచ్యుత్ వేసిన జోకు జోకేనా? మహీధర్ ఒకసారి "గోత్రం ఏంటి చెల్లెమ్మా? మా పిన్ని అడుగుతోంది" అంటే "అమ్మనడగాలె అన్నా" అని తప్పించుకుంది. మళ్ళీ అడుగుతాడని నెల రోజులు ఎదురుచూసింది. అడగలేదు. అడగకపోవడం ఇంకా భయపెట్టింది. తెలిసిపోయిందా?

నాన్న పేరేంటని అచ్యుత్ అడిగిన రోజు మాత్రం ఆమె తనను తాను క్షమించుకోలేదు. కొమరయ్య అంటే చాలు, ఆంధ్రా కుర్రాడైనా పసిగడతాడు. "కె.ఆర్. గారంటరు" అంది. స్తంభాలెక్కి దిగి మోకాళ్ళరిగిన తండ్రి పేరును రెండు ఇంగ్లీషు అక్షరాలు చేసి వ్యానులో పడేసింది. "కె.ఆర్. గారు! పేరులోనే ఆఫీసరున్నాడు" అన్నాడు అచ్యుత్.

ఇంటి నుంచి ఫోనొస్తే వ్యానులో ఎత్తడం మానేసింది.

శ్రీరాములు చివరికి ఎక్కడో తుప్పుపట్టిన కారొకటి కొనుక్కుని వచ్చేవాడు. గడ్డం, లావుపాటి కోటు, మధ్యాహ్నం తన కారులోనే ఒంటరిగా తినేవాడు. ఒంటరిగా తినేవాడి మీద కథ పుట్టడానికి ఎంతసేపు? "వాడు సూపర్‌వైజర్‌కి మోస్తాడు. ఎవరు పని ఎగ్గొడుతున్నారో చెప్పేది వాడే" అన్నాడు అచ్యుత్. ఎవరూ సాక్ష్యం అడగలేదు. ఇద్దరు పిల్లల పని పోయినప్పుడు అందరూ ఆ తుప్పు కారు వైపే చూశారు. చంద్రకళ కూడా చూసింది. సీటు ఇవ్వని మనిషి మీద అనుమానం పెట్టుకుంటే, సీటు ఇవ్వనందుకు సిగ్గుపడే పని ఉండదు. ఎంత సుఖం!

జనవరిలో ఆమె ఒక ఐచ్ఛిక సబ్జెక్టు తీసుకుంది. ఐచ్ఛికం అన్నారు గానీ ఖాళీ ఉన్నది అదొక్కటే: యూరప్ దేశాల మధ్య కూలి వలసలు. చెప్పేది డోయినా అనే రొమేనియా ఆవిడ. వయసులో ఉండగా ఇటలీ వెళ్ళి ముసలివాళ్ళకు సేవ చేసి, తర్వాత చదువుకుని ఇక్కడికి చేరింది. పుస్తకం చూడకుండా చెప్పేది. పిల్లలకు ఆవిడంటే ఇష్టం. చంద్రకళకూ ఇష్టమే.

జీతం తక్కువున్న చోటి నుంచి ఎక్కువున్న చోటికి మనుషులు నీళ్ళు పల్లానికి పారినట్టు పోతారట. ఇది మొదటి సిద్ధాంతం. కాదు, ధనిక దేశాల్లో అక్కడివాళ్ళు ముట్టని పనులు ఎప్పుడూ మిగిలి ఉంటాయి, ఆ పనులే బయటివాళ్ళను లాగుతాయి అనేది రెండోది. పోలండువాడు జర్మనీ తోటలో కూలికి పోతే, పోలండులో ఖాళీ అయిన పనికి ఉక్రెయిన్ మనిషి వస్తాడు. ముట్టని పనులు అన్న మాట దగ్గర చంద్రకళ తలెత్తింది. ఈ సిద్ధాంతం తమ ఊరికి ఎప్పుడో వచ్చింది, దానికి సరిహద్దు దాటే పని కూడా లేదు.

మూడోది డోయినాకు బాగా ఇష్టమైనది. ముందు పోయినవాడు దారి వేస్తాడు, వెనకవాళ్ళు ఆ దారిన పోతారు. జీతాల తేడా తగ్గిపోయినా ఆ దారి ఆగదు. "మా ఊరి నుంచి ఒక్కడు ఇటలీలో ఒక పట్నానికి పోయాడు. కొన్నాళ్ళకు మా వీధి సగం అక్కడుంది. పని వాడే చూపించాడు, గది వాడే చూపించాడు. వారం వారం మా ఊరి వ్యాను ఒకటి ఊళ్ళోంచి అక్కడికి మనుషుల్ని మోసేది. వలసకు కావలసింది డబ్బు కాదు, మనవాళ్ళు" అంది.

వ్యాను అనగానే చంద్రకళ చెయ్యెత్తింది.

"మేడమ్, మీ ఊరికి చివర ఉందా?"

"అంటే?"

"ఊరి చివర. విడిగా ఉండే ఇళ్ళు."

"ఉన్నాయి. జిప్సీలవి. రోమాలు అనాలి ఇప్పుడు."

"వాళ్ళు కూడా ఆ వ్యానులోనే పోయారా?"

"లేదు. వాళ్ళు వేరే. వాళ్ళ దారిన వాళ్ళు పోయారు."

"ఎందుకు మేడమ్?"

"ఎందుకంటే... వాళ్ళు మావాళ్ళు కాదు కదా," అని గడియారం చూసి, తర్వాతి పేజీకి వెళ్ళింది ఆవిడ.

చంద్రకళ రాసుకోవడం ఆపింది. డోయినా చెడ్డ మనిషి కాదు. అదే భయంకరమైన విషయం. నీళ్ళు పల్లానికి పారేటప్పుడు ఇంటిపేరు అడగవు. మనుషుల వలసను నీళ్ళతో పోల్చినవాడెవడో, జన్మలో ఎవరి బండిలోనూ సీటు అడగని మనిషై ఉంటాడు.

ఏప్రిల్ వచ్చింది. మంచు కరిగి రోడ్ల పక్కన బురద తేలింది. వ్యానులో పాటల బాధ్యత చంద్రకళ ఫోనుకు పడింది. "అచ్యుత్ పాటలు వినలేక చస్తున్నామే" అని ధాత్రి పోరుపెడితే, బండి స్పీకర్లకు తన ఫోను కలిపింది. ఒక ఉదయం పాట మధ్యలో ఆగిపోయి బండి తెర మీద పేరు వెలిగింది: నాన్న.

చంద్రకళ ఫోను బ్యాగు అడుగున ఉంది. చేయి పెట్టేలోగా అచ్యుత్ తెర మీద వేలు నొక్కేశాడు.

"ఆగండ్రోయ్, ఏఈ గారు! మనమూ ఓ నమస్కారం పెట్టుకుందాం. అంకుల్, నమస్కారమండీ!"

"నమస్తే సార్, నమస్తే," అంది స్పీకరులో ఒక పెద్ద గొంతు. వెనక ఎక్కడో ట్రాక్టరు చప్పుడు. "నేను కొమరయ్యను మాట్లాడుతున్న సార్. లైన్‌మన్ కొమరయ్యను. మా చంద్రకళ ఉన్నదా?"

అచ్యుత్ తెర మీద నుంచి వేలు వెనక్కి తీసుకున్నాడు.

"చెప్పు నాన్న," అంది చంద్రకళ.

"బిడ్డా! ఎన్నిసార్లు చేసినా ఎత్తకపోతివి. ఏం లేదు, పద్నాలుగు తారీకు జయంతికి సంఘం పోరలు ఫ్లెక్సీ కొట్టిస్తున్నరు. బాబాసాహెబు పక్కన నీ ఫోటో పెడ్తరంట. మన మాదిగిండ్లల్లకెల్లి కెనడా పోయిన మొదటి ఆడిపిల్లవు అని. వాడకట్టంత ఒకటే సంబురం. మంచి ఫోటో ఒకటి పంపియ్యి బిడ్డా, కోటు ఏసుకున్నది."

"పంపుత నాన్న."

"మంచిది. పక్కకు మంది ఉన్నట్టున్నరు?"

"ఆఁ. పనికి పోతున్నం."

"మనోళ్ళేనా?"

కొమరయ్య అడిగింది, తెలుగువాళ్ళు తోడున్నారా అని. అంతే. ఆ ప్రశ్నకు ఇంకో అర్థం ఉందని ఆయనకు తెలియక కాదు. ముప్పై ఏళ్ళు పైవాడల స్తంభాలెక్కిన మనిషి. సముద్రాలవతల ఆ అర్థం చచ్చిపోయి ఉంటుందని ఆశపడ్డాడు.

చంద్రకళ ముందున్న తలల వైపు చూసింది. ఒక్క తలా వెనక్కి తిరగలేదు.

"తెలుగోళ్ళు నాన్న," అంది.

ఫోను పెట్టాక పాట దానంతట అదే మళ్ళీ మొదలైంది. హుషారు పాట. దాన్ని ఆపడానికి కూడా ఎవరికీ చేయి రాలేదు.

సాయంత్రం వ్యాను ఎప్పటిలాగే దింపి పోయింది. ఇంటికి చేరి చేతులు కడుక్కుంటుంటే మహీధర్ మెసేజి వచ్చింది. 'రేపట్నుంచి సీటు లేదమ్మా. ఇన్సూరెన్సు వాళ్ళు మందిని తగ్గించమన్నారు.' చెల్లెమ్మలో చెల్లి పోయి అమ్మ మిగిలింది.

చంద్రకళ ఫోను చేసింది.

"ఒక్క మాట అడుగుత అన్నా. ఇన్సూరెన్సు నన్నే ఎట్ల ఏరుకున్నది?"

"ఇప్పుడవన్నీ ఎందుకులే అమ్మా."

"చెప్పున్రి."

"నువ్వు ముందే చెప్పాల్సింది. మేమేమన్నా అనేవాళ్ళమా? అబద్ధం చెప్పి ఎక్కడం బాగుందా?"

"మనోళ్ళేనా అన్నరు. తెలుగోళ్ళేనా అని అడిగిన్రనుకున్న. తెలుగోళ్ళు మనోళ్ళనుకునుడు నా తప్పే అన్నా."

"మాటలు బానే నేర్చావు," అని పెట్టేశాడు మహీధర్.

ఇలాంటివాళ్ళు ఎప్పుడూ ఆ మాట పైకి అనరు. కులం అనే మాట ఆ వ్యానులో ఎన్నడూ వినపడలేదు. ఇంటిపేరు, గోత్రం, పిన్నిగారి అత్తగారు, ఇన్సూరెన్సు. చట్టం ముందు నిలబెడితే చేతికి ఒక్క మాటా చిక్కదు. తెల్లవాళ్ళు రంగు చూసి ఇల్లు అద్దెకివ్వలేదని మొన్ననే మహీధర్ కాలేజీ తెలుగు గ్రూపులో పెద్ద వ్యాసం రాశాడు. ధాత్రి దానికి హృదయం గుర్తు పెట్టింది.

ఆ ధాత్రి కిందికి దిగి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. "నాకు అలాంటివేం లేవే, ప్రామిస్. మా ఇంట్లో అసలు పట్టించుకోరు. కానీ బండి ఆయనది కదా చంద్రా."

"బండి ఆయనది. నోరు నీదే గద?"

ధాత్రి పైకి వెళ్ళిపోయింది.

రేపు పొద్దున షిఫ్టు ఉంది. టాక్సీ పిలిస్తే ఆ రోజు కూలి దానికే సరి. ఎదురింటి పెద్దాయనను అడగాలన్న పిచ్చి ఆలోచన కూడా వచ్చింది. చివరికి కాలేజీ గ్రూపులో వెతికి శ్రీరాములు నంబరుకు చేసింది.

"ఎవులు?"

"చంద్రకళనండీ. ఫ్యాక్టరీల మీతోనే..."

"మహీధర్ గారి వ్యానులో మనిషివి కదా? ఏటి సంగతి? నా తుప్పు కారు ఫోటో తీసి నవ్వుకుంటారేటి?"

"లేదండీ. రేపు షిఫ్టుకు మీ కారుల వస్తనని అడుగుదామని."

అవతల పొడి నవ్వు. "మీ బండికేటొచ్చింది? అచ్యుత్ గారు పంపించాడేటి, నేను సూపర్‌వైజరుతో ఏటి మాట్లాడతానో విని రమ్మని? నాకు తెలీదనుకోకండి. నా వెనకాల ఏటంటున్నారో అన్నీ తెలుసు."

ఆయన అనుమానంలో తప్పేముంది? ఆర్నెల్లుగా ఆ వ్యాను ఆయనకు ఇచ్చింది అదొక్కటే.

"మీరు సీటుందా అని అడిగిన్నాడు నేను ఆ వ్యానుల ఉన్న," అంది చంద్రకళ. "నా పక్క సీటు ఖాళీగనే ఉండె."

అవతల టీవీ చప్పుడు ఆగింది.

"ఇప్పుడు నా సీటు తీసేసిన్రు. మా నాయిన పేరు కొమరయ్య. లైన్‌మన్. మేం మాదిగోళ్ళం. పొద్దున ఫోనుల తెలిసింది వాళ్ళకు. గంతే సంగతి."

శ్రీరాములు గొంతు తగ్గించాడు. "మరి మేమేటోళ్ళమని అడగవేటి?"

"అడగను. మీ కారు ఎటునుంచి పోతది, అది చెప్పున్రి."

తెల్లారి ఆ తుప్పు కారు వచ్చి ఆగింది. హీటరు పనిచేయదు, కాళ్ళ మీద కప్పుకోమని పాత దుప్పటి ఇచ్చాడు. చంద్రకళ తలుపు పిడి మీద నుంచి చేయి తీయలేదు. ఎక్కడైనా ఆపి దిగిపొమ్మంటాడేమో, ఎగతాళికే రమ్మన్నాడేమో. ఆయన కూడా అద్దంలోంచి ఆమె ఫోను వైపే చూస్తున్నాడు, రికార్డు చేస్తోందేమోనని. ఒకరినొకరు కాపలా కాసుకుంటూ ఇద్దరూ ఫ్యాక్టరీ చేరారు. గేటు దగ్గర వ్యాను ముందే వచ్చి నిలబడి ఉంది. తను ఎలా వచ్చిందో అచ్యుత్ చూశాడని చంద్రకళకు తెలుసు. "చూశావా, ఇద్దరూ ఒకటే" అని సాయంత్రానికల్లా కొత్త కథ వస్తుందని కూడా తెలుసు. వచ్చింది.

మధ్యాహ్నం ఆయన కారులోనే తిన్నారు. "సూపర్‌వైజరుకు నిజంగ చెప్తరా?" అని అడిగేసింది.

"ఏటి చెప్తాను తల్లీ, ఆయన ఇంగ్లీషు నాకు సగమే అర్థమవుద్ది," అన్నాడు శ్రీరాములు. చంద్రకళకు చాలా రోజుల తర్వాత కడుపులోంచి నవ్వొచ్చింది.

ఫోటో పంపింది. కోటు వేసుకున్నదే, ఆ తుప్పు కారు పక్కన నిలబడి. ఫ్లెక్సీ మీద కారు కనపడకుండా కత్తిరించారు సంఘం పోరలు. 'తండ్రి: కొమరయ్య' అని పెద్ద అక్షరాల్లో వేయించారు. దాన్ని ఆమె కాలేజీ తెలుగు గ్రూపులో పెట్టింది. కొందరు అభినందనలన్నారు. కొందరు చూసి ఊరుకున్నారు. మహీధర్ గ్రూపు నుంచి వెళ్ళిపోయాడు. ధాత్రి ఏ గుర్తూ పెట్టలేదు.

మే నెలలో కొత్త పిల్లలు దిగారు. ఒక ఆదివారం చంద్రకళ, శ్రీరాములు కారు కడుగుతుంటే ఫోను మోగింది. స్పీకరులో పెట్టింది.

"అక్కా, నా పేరు రిషిత. కొత్తగా వచ్చాను. ఫ్యాక్టరీకి మీ కారులో సీటుందని ఎవరో చెప్పారు."

"ఉన్నది. ఎక్కడుంటవు?"

"అది చెప్తానక్కా. అంటే... మీరు మనోళ్ళేనా?"

శ్రీరాములు తడిగుడ్డ పిండుతూ ఆగిపోయాడు. ఆ పిల్ల ఏ అర్థంలో అడిగిందో చంద్రకళకు తెలియలేదు. నాన్నలాగా అడిగిందా, మహీధర్ లాగా అడిగిందా? గొంతును బట్టి చెప్పడం ఎవరి వల్ల అవుతుంది?

"మా నాన్న పేరు కొమరయ్య. లైన్‌మన్. బాబాసాహెబు ఫ్లెక్సీల నా ఫోటో ఉంటది, పంపుత చూసుకో," అంది. "నీ సంగతి నేను అడగను. ఇగ ఎక్కడుంటవో చెప్పు."

ఫోనులో వెనకాల ఎవరితోనో గుసగుస. తర్వాత ఆ పిల్ల మెల్లగా, "లండన్ రోడ్డు మీదక్కా. కాఫీ షాపు మూల" అంది.

"రేపు పొద్దున మూల మీద ఉండు."

ఫోను పెట్టేసింది. శ్రీరాములు గుడ్డ దులిపి అద్దం మీద ఆరేశాడు.

"ఉంటాదంటావేటి?"

"ఏమో. అనుమానమే."

"ఉండకపోతే?"

"ఒకసారి హారన్ కొట్టి పోదాం."